రూతమ్మత్త పల్లవి

మా చర్చిలో క్రిస్మస్‌కు ఏ కొత్త పాట పాడాలో తేల్చేది మా మేనత్త రూతమ్మ. ఆమెకు నచ్చలేదంటే ఆ పాట పని అంతే. నిరుడు నేను ఫోన్‌లోనే ఒక ట్యూన్ కట్టాను. పల్లవి వరకే అయింది, మాటలు రాయలేదు. ఆ పొద్దున్నే అత్త నన్ను కడిగిపారేసింది కాబట్టి, తాళానికి సరిపడా నోటికొచ్చిందేదో ఆమె మీదే పాడి రికార్డు చేశాను.

ఆటో ఎక్కే నలుగురూ విని ఏమంటారో చూద్దామని మా ఊరి ఆటో డేవిడన్నకు పంపాను. మాటల సంగతి నా బుర్రకు తట్టనేలేదు. ట్యూన్ పిచ్చిలో ఉన్నప్పుడు నాకు ఇంకేమీ వినపడదు.

మర్నాడు మార్కాపురంలో అదే ఆటో ఎక్కాను. పక్కనే అత్త. బండి కదలగానే డేవిడన్న హుషారుగా పాట పెట్టాడు.

"రోకలంటి నోరు మా రూతమ్మత్తకు! రోడ్డు దాక గురక మా రూతమ్మత్తకు!"

ఆటో అంతా పగలబడి నవ్వింది. నాకైతే దూకేద్దామనిపించింది.

"బండి ఆపురా" అంది అత్త. ఆగింది. "మళ్లా మొదట్నుంచి పెట్టు."

కళ్లు మూసుకుని విని, నా వైపు తిరిగింది.

"ట్యూను బాగుంది గానీ చరణం యాడుందే? తిట్టేదానివి సాంతం తిట్టక, సగంలో ఆపేసినావేంది?"

చరణం కట్టి, మాటలన్నీ ప్రభువు మీదికి మార్చాను. క్రిస్మస్‌కు అందరం అదే పాడాం. ఇప్పుడు సగం కట్టిన పాటలన్నీ ముందు అత్తకే వినిపిస్తున్నాను. కానీ ఆ పల్లవి ఎత్తుకున్నప్పుడల్లా చర్చంతా ప్రభువును తలుచుకుంటుంటే, ఆమె మాత్రం కొంగు సర్దుకుని, తననే పొగుడుతున్నట్టు అందరి వంకా చూస్తుంది.