మందు గది తాళం

ఎల్లారెడ్డి పట్టణం దగ్గరి ఒక ఊళ్లో పురుగుమందు డబ్బాలు ఇళ్లలో ఉండవు. మహిళా సంఘం గదిలో ఉంటాయి. తాళంచెవి సంఘం సభ్యురాలు గంగమణి కొంగున ఉంటుంది. పొద్దున తీసుకెళ్లినవాళ్లు మిగిలిన మందును చీకటిపడేలోగా తెచ్చివ్వాలి.

ఆ పద్ధతి పెట్టించింది ఆమే. పరీక్ష తప్పిన పిల్లవాడొకడు వాళ్ల వాడలో ప్రాణం తీసుకున్నాక గ్రామసభలో లేచి, మందు డబ్బాలన్నీ ఒకచోట పెట్టి తాళం వేద్దామని అడిగింది. మగవాళ్లు నవ్వారు.

"తాళమేస్తే చావు ఆగుతదా?"

"ఏమో. ఆ గడియైతే దాటుతది గద."

మనసు బాగాలేనప్పుడు ఫోన్ చేసే సర్కారు టెలిమానస్ నంబరు 14416ను గది తలుపు మీద పెద్దగా రాయించింది కూడా.

పోయిన వానాకాలం ఇంటర్ సప్లిమెంటరీ ఫలితాలు వచ్చిన రోజు మధ్యాహ్నమే వాన పట్టుకుంది. మక్క చేన్లో పిచికారీ ఆగిపోయింది. రేపు ఎలాగూ కొట్టాలి కదా అని భూమయ్య డబ్బా ఇంటికే తీసుకుపోయాడు. ఆయన కూతురు సుష్మిత రెండోసారీ తప్పింది. సాయంత్రం గదిలో ఆ డబ్బా జాగా ఖాళీగా కనబడగానే గంగమణి వానలోనే బయలుదేరింది.

"ఏంది చెల్లె, ఒక్క డబ్బాకు గింత పరుగా? నీది పోలీస్‌స్టేషన్ తీర్గ ఉన్నది."

"డబ్బా ఇటియ్యి అన్నా. పిల్లేది?"

సుష్మిత వంటింట్లో గోడకానుకుని కూర్చుంది. గంగమణి పక్కనే చతికిలబడింది. మార్కుల మాట ఎత్తలేదు.

"బిడ్డా, సచ్చిపోవాలె అనిపిస్తున్నదా?"

భూమయ్య గుమ్మంలోంచి అరిచాడు. "లేని మాట ఎందుకు గుర్తు చేస్తవ్?"

"నేను అడగకుంటె లేకుంట పోతదా అన్నా?"

సుష్మిత మెల్లగా అంది: "పొద్దటి సంది అదే అనిపిస్తున్నదత్తా."

భూమయ్య డబ్బాను తానే ఎత్తుకుని సంఘం గదికి తీసుకుపోయాడు. గంగమణి పిల్లను వదిలి కదల్లేదు. తెల్లారి ముగ్గురూ బస్సెక్కి కామారెడ్డిలో మనసు జబ్బులు చూసే డాక్టరు దగ్గరికి వెళ్లారు. తర్వాతా కొన్నాళ్లు వెళ్లాల్సివచ్చింది.

సుష్మిత మళ్లీ పరీక్ష రాసింది. పాసైందా అని ఊళ్లో ఎవరూ అడగరు. అడగకూడదని వాళ్లకు నేర్పిందీ గంగమణే.

ఇప్పుడు ఫలితాల రోజుల్లో సాయంత్రమైతే వాడవాడా తిరిగేది భూమయ్య. "డబ్బా అప్పజెప్పినవా?" అంటూ ఇంటింటి ముందూ ఆగుతాడు.

"గంగమణికి జవాను నౌకరి జేస్తున్నవా?" అని అరుగుల మీది వాళ్లు ఎగతాళి చేస్తారు.

"ఔ, చేస్తున్న," అంటాడు తల ఎత్తి. "ఆ దినం ఆమె రాబట్టే నా బిడ్డ ఇంట్ల ఉన్నది."