వంక పెట్టిన బండ్లు

పాత కార్లు కొని అమ్మే ఆ వీధిలో అతణ్ణి చాటుగా వంకలాయన అనేవారు. ఎదురుగా మాత్రం అన్నా అని పిలిచేవారు. తనకా పేరుందని అతనికి తెలుసు. లోలోపల కాస్త గర్వం కూడా. ఎలాంటి బండి తెచ్చి నిలబెట్టినా చుట్టూ ఒకసారి తిరిగి, టైరును కాలితో తన్ని, బానెట్ ఎత్తి, ముక్కు చిట్లించి ఒక మాట అనేవాడు. ఆ మాటతో ధర ఒక మెట్టు దిగేది.

ఇందులో మోసమేమీ లేదని అతని నమ్మకం. ఆ వీధిలో బేరమంటే అదే. కొనేవాడు బండి చచ్చిందంటాడు. అమ్మేవాడు నీకు కళ్ళు పోయాయంటాడు. కాసేపు ఒకరి మీద ఒకరు ఎగిరి, ఇద్దరికీ ముందే తెలిసిన ధర దగ్గర దిగి, పక్కపక్కన నిలబడి టీ తాగుతారు. అన్న మాటలు అక్కడే గాలికి పోతాయి. ఎవరూ ఇంటికి పట్టుకెళ్ళరు.

అతను మాత్రం అలవాటు కొద్దీ కొంచెం పట్టుకెళ్ళేవాడు. ఇల్లు కొనేటప్పుడు ఎంత వెతికినా లోపం దొరక్క, గోడలు మరీ లావుగా ఉన్నాయండీ అన్నాడట. అమ్మే పెద్దమనిషి నోరు తెరుచుకుని ఉండిపోయాడు. ఆ సంగతి అతని భార్య చుట్టాలందరికీ చెప్పి నవ్వించేది. "నన్ను మొదటిసారి చూసిన రోజు ఈయనకి జలుబు చేసి గొంతు పూడుకుపోయింది. లేకపోతే నా గతేమయ్యేదో," అని చివర కలిపేది.

అదే ఊళ్ళో కార్లు అద్దెకిచ్చే చిన్న కంపెనీ ఒకటి ఉండేది. పెట్టినాయనకి పక్షవాతం వచ్చి మంచం పట్టాడు. జనం ఫోన్‌లోనే బండి పిలిపించుకునే రోజులు రావడంతో గిరాకీ పడిపోయింది. బ్యాంకు వాయిదాలు మాత్రం పడిపోలేదు. ఆయన భార్య కొన్నాళ్ళు ఈడ్చుకొచ్చి, ఇక లాభం లేదని, ఉన్న ఆరు కార్లూ అమ్మేస్తానని వంకలాయనకి కబురు చేసింది.

వెళ్ళేసరికి రేకుల షెడ్డు కింద ఆరు కార్లూ కడిగి వరసగా నిలబెట్టి ఉన్నాయి. షెడ్డు వెనకే ఇల్లు. ఆవిడ గడప దిగి వచ్చి, చేతులు కట్టుకుని ఒక పక్కగా నిలబడింది. బండి చూపించేటప్పుడు యజమానులు చెప్పే గొప్పలు ఒక్కటీ చెప్పలేదు.

"మా మెకానిక్ ఉంటే అన్నీ చెప్పేవాడండీ. బ్యాంకు పని మీద పంపాను. మీరే చూసుకోండి," అంది.

మొదటి బండి బానెట్ ఎత్తగానే అతనికి చిక్కొచ్చి పడింది. చప్పుడుంటే చప్పుడుందనేవాడు. పొగ వస్తే పొగ అనేవాడు. ఆ బండి చప్పుడూ చేయలేదు, పొగా వదల్లేదు. రెండోదీ అంతే, మూడోదీ అంతే. ఎవరో ఒళ్ళు దాచుకోకుండా సాకిన బండ్లు. ఇంత మంచి సరుకు చాలా రోజులుగా చూడలేదని లోపల అనుకుంటూనే, బయటికి ఎప్పటిలాగే ముక్కు చిట్లించాడు. ఏదో ఒకటి అనాలి. ఆవిడ చూసి కాదనలేనిది అనాలి.

"అసలు పార్టులు తీసేశారమ్మా. బయట దొరికే చవక సరుకు బిగించారు."

"ఏ బండికి?"

"అన్నిటికీ."

"మేము బిల్లులు కంపెనీ పార్టులకే కట్టామండీ. ప్రతిసారీ."

అతను ఆగాడు. ఇప్పుడు ఆవిడ తిట్టాలి. నీకు కళ్ళున్నాయా అనాలి. అంటే అతను ఒక మెట్టెక్కుతాడు, ఆవిడ ఒక మెట్టు దిగుతుంది, పని అయిపోతుంది. ఆవిడ తిట్టలేదు. నిశ్శబ్దం మరీ పొడుగైపోతుంటే దాన్ని పూడ్చడానికి అన్నట్టు, "బిల్లుదేముందమ్మా, ఎవడైనా రాసిస్తాడు," అనేశాడు.

ఆవిడ కార్ల వైపు చూడలేదు. షెడ్డు మూల గోడకి తగిలించి ఉన్న మెకానిక్ నూనె మరకల చొక్కా వైపు చూసింది.

"మీరెంతంటే అంతే," అంది.

ఇంటికొచ్చి భోజనానికి కూర్చున్నాక భార్య అడిగింది.

"కుదిరిందా?"

"కుదిరింది. మనమన్న ధరకే."

"మరి మొహమేంటి అలా పెట్టారు, జేబు కొట్టేయించుకున్నట్టు?"

"ఆవిడ ఎదురు బేరం ఆడలేదు."

"బాగుంది. ఆడితే ఏడుపు, ఆడకపోతే ఏడుపు," అని భార్య గిన్నెలు తీసేసింది.

కార్లు వచ్చాయి. వాటిని తుడిపించి దుకాణం ముందు నిలబెట్టి, ఎదుటి అద్దం మీద సున్నంతో ధరలు రాశాడు. మంచి బండికి రాసే ధరలే. కొన్న ధరకీ రాసిన ధరకీ ఉన్న తేడా చేతికి బాగానే తెలిసింది.

ఆ వారంలోనే ఒక మనిషి దుకాణానికి వచ్చాడు. పొడుగ్గా, ఎండిన మనిషి. జుట్టు తెల్లబడింది. వచ్చినవాడు ముందు ఆ కార్ల దగ్గరికి వెళ్ళి, ఒక్కొక్కదాని మీదా చెయ్యి వేసి, ఆ తర్వాతే లోపలికొచ్చాడు.

"ఈ బండ్ల మెకానిక్‌ని నేనేనండీ. పనేదైనా ఉంటే చేసుకుంటాను."

అతను కూర్చోమన్నాడు. ఆ మనిషి కూర్చోలేదు.

"బండ్లు పోయాక అక్కడ పనెందుకుంటుంది, అది నాకూ తెలుసు. దానికి బాధ లేదు. మొదటి కారు కొన్న రోజు నుంచీ అన్నయ్య దగ్గరే ఉన్నానండీ. అన్నయ్యంటే తోడబుట్టినవాడు కాదు, అంతకంటే ఎక్కువ. పడిపోయాక కూడా రోజూ పొద్దున్నే వెళ్ళి ఏ బండి ఎటెళ్ళిందో చెప్పేవాణ్ణి. మాట ముద్దగా వస్తుంది గానీ అంతా తెలుస్తుంది ఆయనకి. బండ్లు అమ్మేస్తున్న సంగతి చెప్పొద్దంది వదిన. సరే, చెప్పలేదు. ఇప్పుడు ఆయన్ని చూసొస్తానంటే లోపలికి రావద్దంటోంది. గడప దగ్గరే ఆపేసింది. నా మొహం కూడా చూడదు. ఎందుకు వదినా అంటే, నీకే తెలియాలి అంటుంది. నాకేం తెలుసండీ?"

షెడ్డు గోడకి వేలాడిన నూనె మరకల చొక్కా వంకలాయనకి గుర్తొచ్చింది. అప్పుడే, ఆ క్షణంలోనే చెప్పేయాల్సింది. దానికి బదులు, "రేపట్నుంచి రండి," అన్నాడు. ఆ మనిషి అడిగినదానికంటే జీతం ఎక్కువే చెప్పాడు.

"మీ మేలు మర్చిపోనండీ," అని ఆ మనిషి రెండు చేతులూ జోడించాడు.

వంకలాయనకి ఒళ్ళంతా కారం రాసినట్టయింది.

మెకానిక్ పనిలోకి వచ్చాడు. ఆ పనిలో వంక పెట్టడానికి ఏమీ లేదు. పొద్దున ఆ ఇంటి మీదుగా నడిచి, గేటు దగ్గర కాసేపు నిలబడి, ఎవరూ పిలవకపోతే దుకాణానికి వచ్చేవాడు. వచ్చాక ఆ సంగతి తనే చెప్పేవాడు. "ఇవాళ కిటికీ తెరిచే ఉందండీ. దగ్గాడు. అన్నయ్య దగ్గే." ఒకరోజు ఒంగి ఇంజిన్ చూస్తూ, "పొద్దున్నే నేను వెళ్ళి నాలుగు మాటలు చెప్తే గానీ ముద్ద మింగడు. ఇప్పుడెలా తినిపిస్తోందో," అన్నాడు. వంకలాయన పనున్నట్టు లేచి వీధిలోకి వెళ్ళిపోయాడు. జీతం పెంచాడు. కొత్త పనిముట్లు కొనిచ్చాడు. ఎంత ఇచ్చినా ఆ మనిషి దండం పెట్టడమే పెరిగింది.

చివరికి అడిగింది భార్యే. దుకాణానికి టీ పట్టుకొచ్చినప్పుడల్లా మెకానిక్ ఆవిడతోనూ తన గోడు చెప్పుకునేవాడు. ఆ రాత్రి పక్క వేస్తూ ఆగింది.

"ఏమండీ, కార్లు కొన్న రోజు ఆవిడతో మీరేమన్నారు?"

"ఏముంది, ఎప్పుడూ అనేదే."

"ఏమన్నారు?"

చెప్పాడు.

"అంటే ఆ ముసలాయన్ని దొంగ అన్నారు."

"నేనెక్కడన్నానే? పార్టులు చవకవన్నాను. అది బేరం మాట."

"మీ వీధిలో అది బేరం మాట. ఆవిడకేం తెలుసు?" అని భార్య దుప్పటి సగంలో వదిలేసి కూర్చుంది. "మీకు జలుబు చేసుంటే ఎంత బాగుండేదండీ ఆ రోజు," అంది. ఈసారి నవ్వలేదు.

మర్నాడు ఆ ఆరింటిలో ఒక కారు, తెల్లది, ధర రాసిన అద్దంతోనే తీసుకుని ఆ ఇంటికి వెళ్ళాడు. షెడ్డు ఖాళీగా ఉంది. నేల మీద ఆరు బండ్ల నూనె మరకలు ఆరిపోయి ఉన్నాయి. ఆవిడ గడప దిగి వచ్చింది. అతను కారు పక్కనే నిలబడి చెప్పాడు. మాటలు తడబడ్డాయి. ధర తగ్గించడానికి అన్నానమ్మా, అసలు పార్టులే ఉన్నాయి, ఆ మనిషి పాపం ఏమీ తీయలేదు అన్నాడు.

ఆవిడ అంతా విని, "ఇప్పుడు మీ దగ్గర పని చేస్తున్నాడుగా," అంది.

"అవునమ్మా."

"జాలిపడి చెప్తున్నారు."

"జాలి కాదమ్మా, నిజం."

"ఆ రోజు కూడా నిజమన్నట్టే చెప్పారండీ. అప్పుడూ మీ మొహం ఇలాగే ఉంది."

అతను జీవితమంతా ఒకే మొహంతో ఆడిన మాటలు ఒకదాని వెనక ఒకటి వచ్చి అక్కడ నిలబడినట్టయింది. కారు అద్దం వైపు చెయ్యి చూపించాడు.

"నా మాట నమ్మకండి. నేను రాసిన ధర చూడండి. చవక సరుకున్న బండికి ఆ వీధిలో ఎవడూ ఈ ధర రాయడు. రాస్తే దుకాణం మూసుకోవాలి."

ఆవిడ దగ్గరికొచ్చి అంకెలు చదివింది. మళ్ళీ చదివింది. గడప మీద కూలబడి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"గేటు దగ్గర నిలబడేవాడు," అంది. "రోజూ కనబడేవాడు. కిటికీలోంచి చూసి నేనే పక్కకి తప్పుకునేదాన్ని."

"ధరలో తేడా డబ్బు తెచ్చిస్తానమ్మా."

"తేవాలి. దయ చేస్తున్నట్టు మాత్రం తేకండి." కళ్ళు తుడుచుకుంది. "ముందు మా మరిదిని తీసుకురండి. ఎందుకిలా జరిగిందో నేను చెప్పను. మీరే చెప్పాలి."

దుకాణానికి వెళ్ళి, పని మధ్యలో ఉన్న మెకానిక్‌ని ఎక్కించుకున్నాడు. వదిన పిలిచింది అనగానే ఆ మనిషి మొహం కడుక్కుని, చొక్కా మార్చుకుని, పిల్లాడిలా ముందు సీటులో కూర్చున్నాడు. దారిలో వంకలాయన జరిగిందంతా చెప్పాడు. ఎదుటి రోడ్డు మీంచి చూపు తిప్పకుండా చెప్పాడు.

"అయిపోయిందా?" అన్నాడు మెకానిక్.

"అయిపోయింది."

"అంటే నాకు పనిచ్చింది అందుకా?"

అతను తల ఊపాడు.

"జీతం పెంచింది?"

"అందుకే."

"నేనేమో మీకు దండాలు పెట్టాను," అన్నాడు ఆ మనిషి. "ఆపండి."

"ఇంకా దూరముంది పెద్దాయనా."

"ఆపండి."

దిగి, తలుపు మెల్లగా, చప్పుడు కాకుండా వేశాడు. అది ఆ బండి మీద ప్రేమ. నడక మొదలుపెట్టాడు. వంకలాయన వెనకాల నెమ్మదిగా కారు నడిపించాడు. ముందుకు దాటిపోవడానికి మనసొప్పలేదు, వెనక్కి తిప్పుకోవడానికీ ఒప్పలేదు. వెనకున్న బండ్లు హారన్లు కొట్టాయి, తిట్టాయి. మెకానిక్ ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు.

గడప దగ్గర ఆవిడ నిలబడి ఉంది. "లోపలికి రా," అంది. "తప్పైపోయింది," అనబోయింది. మెకానిక్ వదినా అని మాత్రమే అని, చెప్పులు విప్పి లోపలికి వెళ్ళాడు. వెళ్ళాలో వద్దో తెలియక వంకలాయన కూడా వెనకే వెళ్ళి, గది గుమ్మంలో ఆగిపోయాడు.

మంచం కిటికీకి ఆనించి ఉంది. అందులో మనిషి ఒక పక్కకి ఒరిగి ఉన్నాడు. మెకానిక్‌ని చూసి నోటితో ఏదో శబ్దం చేశాడు. కోపంలా ఉంది, ఏడుపులా ఉంది. మెకానిక్ మంచం అంచున కూర్చుని ఆయన చెయ్యి తన ఒళ్ళోకి తీసుకున్నాడు.

"దూరప్రయాణం పడింది అన్నయ్యా, అందుకే రాలేకపోయాను. తెల్లది బాగా నడిచింది. ఎర్రదానికి ఆయిల్ మార్చాను. అన్నీ తిరుగుతున్నాయి. ఒక్కటీ ఖాళీగా లేదు."

మంచంలోని మనిషి కళ్ళు గుమ్మం వైపు తిరిగాయి. నోరు కదిలింది.

"ఆయనా?" అన్నాడు మెకానిక్, వెనక్కి చూడకుండా. "బండి అద్దెకి కావాలని వచ్చారు అన్నయ్యా."

ఆ మొహం వెలిగింది. మళ్ళీ ఏదో అడిగాడు.

"ఎంతదూరం వెళ్తారని అడుగుతున్నాడు," అన్నాడు మెకానిక్.

"దగ్గరికేనండీ," అన్నాడు వంకలాయన.

బండి ఇచ్చెయ్యమన్నట్టు మంచం మీంచి ఇంకో ముద్ద మాట వచ్చింది. దానికి మెకానిక్ తల ఊపి, లేచి వచ్చి, అతని ముందు అరచెయ్యి చాపాడు. ఎందుకో అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక జేబులోంచి తెల్ల కారు తాళంచెవి తీసి ఆ చేతిలో పెట్టాడు. మెకానిక్ దాన్ని అన్నయ్యకి కనబడేలా పైకెత్తి పట్టుకుని, తిరిగి అతని చేతిలో పెట్టాడు.

"జాగ్రత్తగా నడపండి," అన్నాడు. కళ్ళలోకి చూడలేదు.

మంచంలోని మనిషి ఎదురుచూస్తున్నాడు.

"సాయంత్రానికి తెచ్చిచ్చేస్తానండీ," అన్నాడు అతను.

ఆయన నవ్వి ఏదో అన్నాడు. అదేమిటో మెకానిక్ ఈసారి విడమర్చి చెప్పలేదు.