ఆరున్నొకటి

విన్నదాన్ని పని అయ్యేదాకా బుర్రలో పట్టి ఉంచుకునే శక్తిని వర్కింగ్ మెమరీ అంటారు. నా ఉద్యోగ జీవితమంతా దాన్ని కొలవడంతోనే గడిచింది. అంకెలు చదివి, పిల్లల చేత అదే వరసలో తిరిగి చెప్పించడం మా పని.

తొంభైల్లో, ఇంకా రీసెర్చ్ చేస్తున్నప్పుడు, మా గైడు గారితో విజయవాడ నుంచి బస్సెక్కి పామర్రులో ఒక బడికి వెళ్లాను. రెండో తరగతి చదివే ఒక పిల్లని పై తరగతికి పంపాలా, అక్కడే ఉంచాలా అన్నది మేము చెబితే తేల్చుకుందామని హెడ్మాస్టరు గారు పక్కనే కూర్చున్నారు.

"మూడు, ఏడు, రెండు," అన్నారు గైడు గారు.

"మూడు, ఆరున్నొకటి, రెండు," అంది పిల్ల.

ఆయన నవ్వారు. "మూడంకెలు చెబితే నాలుగు అప్పజెబుతోందేంటండీ! మధ్యలో ఆరు, ఒకటీ ఎక్కడివి?"

ఏడు వచ్చిన ప్రతిసారీ అదే వరస. "నే చెప్పలేదాండీ, ఉత్త మొద్దు," అన్నారు హెడ్మాస్టరు గారు.

నాకు అర్థమైంది. బియ్యం కొలిచేటప్పుడు మా అమ్మ కూడా ఏడు అనదు. అందులో ఏడుపు వినిపిస్తుందని ఆరున్నొకటి అంటుంది. మాది ఆ పక్క పల్లెటూరే. గైడు గారి దగ్గర మాత్రం మాది విజయవాడలో గవర్నర్‌పేట అని కోతలు కోశాను. ఇప్పుడు నోరు విప్పితే ఊరు బయటపడుతుంది. అమ్మ మాటకి సిగ్గుపడుతున్నానే అని ఇంకా సిగ్గేసింది.

పిల్ల బిక్కమొహం వేసుకుని నా వంక చూసింది.

"ఆరున్నొకటంటే ఏడేనండీ," అన్నాను చివరికి. "మా ఇంట్లోనూ అలాగే అంటారు."

"గవర్నర్‌పేటలోనా?"

"కాదండీ. మాది ఇక్కడే, పక్క ఊరు."

ఆయన నవ్వాపుకుంటూ కాగితాలు నా చేతికిచ్చి, మళ్లీ మొదటినుంచి అడగమన్నారు. నేను పిల్ల వైపు వంగి గొంతు తగ్గించి, "ఆ మాట ఇక్కడ అనకూడదమ్మా. ఏడు అనాలి," అన్నాను.

"మా నాయనమ్మ తప్పు చెప్పిందాండీ?"

లేదని ఒక్క ముక్క అంటే సరిపోయేది. గైడు గారు వింటున్నారు. "ముందు అంకెలు చెప్పమ్మా," అన్నాను.

ఒక్కటి కూడా తప్పకుండా చెప్పింది. పై తరగతికి పంపుతామని హెడ్మాస్టరు గారు ఒప్పుకున్నారు. కానీ ఏడు వచ్చినప్పుడల్లా ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఎవరైనా నవ్వుతున్నారేమోనని చుట్టూ చూసింది. పొద్దున వచ్చినప్పుడు ఆ అలవాటు లేదు. నా దగ్గరే నేర్చుకుంది.