మూడో కిటికీ దగ్గర బాబాయ్ సందేహాలు

మా బాబాయ్‌కి సందేహం తీరితే జ్వరం వస్తుంది. అందుకే ఏ సందేహాన్నీ పూర్తిగా తీరనివ్వడు. బాబాయ్ అంటే నాకు వరసకు బాబాయేం కాదు. గొడుగుల ఫ్యాక్టరీలో పిడులు బిగించే ఆయన్ని అందరం అలాగే పిలిచేవాళ్ళం. వెనకాల మాత్రం సందేహాల బాబాయ్ అనుకునేవాళ్ళం.

మంగలి ముందు కూర్చుంటే, "కుడివైపు కత్తిరిస్తున్నావు సరే, నువ్వు ఎడమవైపుకి వచ్చేలోగా ఇది మళ్ళీ పెరిగితే?" అంటాడు. డాక్టరు భోజనం తర్వాత మాత్ర వేసుకోమంటే, "మాత్ర వేసుకున్నాక మళ్ళీ ఆకలేసి తింటే? అప్పుడది భోజనానికి ముందు వేసుకున్నట్టు కాదూ?" అంటాడు. చివరికి ఆ మాత్ర డాక్టరే మింగాడని చెప్పుకుంటారు. నేను నమ్ముతాను.

విదేశాల నుంచి సగం ధరకే గొడుగులు వచ్చిపడ్డాక మా ఫ్యాక్టరీ మూతపడింది. ఆ మాట చెప్పడానికి యజమాని అందర్నీ గేటు దగ్గరికి పిలిచాడు. "రేపటి నుంచి పని లేదు" అన్నాడు. బాబాయ్ చెయ్యెత్తాడు.

"అయ్యా, రేపొక్కరోజేనా? ఎల్లుండి కూడానా?"

యజమాని కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. మా అక్కకు ఒళ్ళు మండిపోయింది. "ఫ్యాక్టరీకి తాళం పడింది గానీ నీ నోటికి పడలేదు కదా!" అని అరిచింది. అక్కది కుట్టు విభాగం. బాబాయ్‌ని తిట్టడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా.

దిగుమతుల దెబ్బకు పని పోయినవాళ్ళకి ప్రభుత్వం కొత్త పని నేర్పుతుందనీ, నేర్చుకున్నన్నాళ్ళూ నెలనెలా భత్యం ఇస్తుందనీ తెలిసి కాస్త ఊపిరి పీల్చుకున్నాం. సూపర్‌వైజరు సంతకాలు సంపాదించేసరికి చివరి రోజు వచ్చేసింది. నేనూ అక్కా ఉపాధి కార్యాలయంలో మూడో కిటికీ దగ్గరికి పరుగున వెళ్ళాం. నా దరఖాస్తు తీసుకున్నారు. అక్కది తిప్పికొట్టారు. మా సూపర్‌వైజరు ఇన్నేళ్ళూ గేటు పాసుల వెనకవైపు సంతకాలు చేసి చేసి, అలవాటు కొద్దీ అక్క దరఖాస్తుకీ వెనకే గీకాడు.

"సంతకం ముందువైపే ఉండాలమ్మా. ఐదింటికి కిటికీ మూసేస్తాం" అన్నాడు గుమాస్తా.

బావ పోయాక ఇద్దరు పిల్లల్ని అక్క ఒక్కతే సాకుతోంది. ఈ భత్యం రాకపోతే ఆ ఇంట్లో పొయ్యిలోంచి పిల్లి లేవదు. సూపర్‌వైజరు చూస్తే ఊరికి ఆ చివరన ఉన్నాడు. మా కొంప ముంచిన ఆ దిగుమతి గొడుగుల దుకాణంలోనే ఇప్పుడతనికి ఉద్యోగం. అక్క కాగితం పట్టుకుని పరుగెత్తింది.

మెట్ల మీద అక్కకి ఎదురయ్యాడట బాబాయ్. కాసేపటికి వచ్చి వరసలో నిలబడ్డాడు. చేతిలో మడిచిన కాగితం.

"చివరి రోజు దాకా ఏం చేస్తున్నావు బాబాయ్?" అన్నాను.

"ఉండరా, ఒక సందేహం మిగిలింది" అన్నాడు.

తన వంతు వచ్చినప్పుడల్లా, "నా సందేహం పెద్దది, ముందు మీరు కానివ్వండి" అని వెనకవాళ్ళని ముందుకి పంపి, తను చివరికి పోయేవాడు. ఐదు కావస్తుండగా ఆయనొక్కడే మిగిలాడు. కిటికీ ముందున్న మనిషి పని ముగిసేదాకా మూయకూడదని గోడ మీద బోర్డుంది. అక్క జాడ లేదు. నేను కాలుగాలిన పిల్లిలా గుమ్మానికీ కిటికీకీ మధ్య తిరుగుతున్నాను.

"నెలనెలా ఇస్తారన్నారు. ఫిబ్రవరి చిన్నది కదండీ, అదీ నెలేనా?"

"నెలే. కాగితం ఇవ్వండి."

"వెల్డింగ్ నేర్చుకుంటూ మధ్యలో భయమేస్తే కంప్యూటర్లోకి దూకొచ్చా?"

"దూకండి! కాగితం ఇవ్వండి పెద్దాయనా!"

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆయన సందేహాలు నా చెవులకి ఇంపుగా వినిపించాయి. కానీ ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు.

"మా పని దిగుమతుల వల్లే పోయిందంటున్నారు. ఈ ఏడు వానలు కూడా సరిగ్గా పడలేదండీ. ఇందులో దిగుమతి పాపమెంత, వాన పాపమెంత?"

గుమాస్తా పెన్ను కింద పెట్టాడు. "అంటే, దిగుమతుల వల్ల కాదంటారా?"

ఆ ముక్క పైకి రాశాడంటే అక్కదే కాదు, మా అందరి దరఖాస్తులూ చెత్తబుట్టలోకే. బాబాయ్ నోరు మూద్దామని ముందుకి దూకాను.

"అదేనండీ నేనూ ఆలోచించాను" అన్నాడు బాబాయ్ తాపీగా. "పక్క ఊళ్ళో వానలు దంచి కొట్టాయి. అక్కడా మా గొడుగులు ఒక్కరూ కొనలేదు. కాబట్టి దిగుమతే. మరి పక్క ఊళ్ళో వాన పడిందని ఎవరి సంతకం తెమ్మంటారు?"

"ఎవరిదీ అక్కర్లేదు!" గుమాస్తా దణ్ణం పెట్టినంత పని చేశాడు.

గోడ గడియారం ఐదు కొట్టింది. అప్పుడొచ్చింది అక్క, రొప్పుతూ, చెప్పు తెగి, కాగితం గుండెలకి హత్తుకుని.

"టైమైపోయిందమ్మా" అన్నాడు గుమాస్తా.

"నా పని ఇంకా ముగియలేదు కదండీ" అన్నాడు బాబాయ్. "నా వంతు ఈ అమ్మాయికిస్తున్నాను. ఇవ్వకూడదని బోర్డు మీద ఉందా?"

గుమాస్తా బోర్డు పైనుంచి కింద దాకా చదివాడు. లేదు. అక్క కాగితం తీసుకుని, సంతకం ముందువైపు ఉందని రెండుసార్లు చూసుకుని, ముద్ర కొట్టాడు. నేను గోడకి ఆనుకున్నాను.

"ఇక మీ దరఖాస్తు ఇవ్వండి" అన్నాడు నీరసంగా.

"నాదా? మొదటిరోజే ఇచ్చేశాను కదండీ. మీరే ముద్ర కొట్టారు."

నేను బాబాయ్ చేతిలో కాగితం లాక్కుని మడత విప్పాను. పాత వార్తాపత్రిక ముక్క.

అక్క తిట్టడానికి నోరు తెరిచింది. ఎంత వెతుక్కున్నా తిట్టు దొరకలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, బాబాయ్ చెయ్యి పట్టుకుంది.

"పద బాబాయ్, టీ తాగుదాం."

"చక్కెర వేసిందేనా? వేస్తే కింద నుంచి కలుపుతాడా, పైనుంచా?"

"అడుగు బాబాయ్" అంది అక్క, కళ్ళల్లో నీళ్ళతోనే నవ్వుతూ. "ఎన్నైనా అడుగు."