మధ్యాహ్నపు సమాకలనాలు

మా కోడలు ఇంటర్ రెండో ఏడాది లెక్కల పేపరు రెండుసార్లు తప్పింది. పెళ్లయి బందరులో మా ఇంటికొచ్చాక కూడా ఆ పేపరు ఆమెను వదల్లేదు. ఒకరోజు నాకు అన్నం వడ్డిస్తూ, కూరలో ఉప్పు గురించి చెప్పినంత మామూలుగా, "ఈసారీ పోతే పుస్తకాలు కట్టేస్తానండి మావయ్య గారూ. ఇక చదువు మాటెత్తను" అంది. నేను చెప్తాను, కూర్చో అన్నాను.

నేను ఎనిమిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఐసు ఫ్యాక్టరీలో పనిచేసేటప్పుడు, నీళ్లు గడ్డకట్టేదాకా ఖాళీగా ఉండే గంటల్లో, పాత ఇంటర్ పుస్తకం ముందేసుకుని సమాకలనం, అదే ఇంటిగ్రేషన్, నేర్చుకున్నాను. చెప్పేవాళ్లు లేరు, పరీక్ష పెట్టేవాళ్లు లేరు. ఆ తెల్లటి ఆవిరిలో ఒక్కో లెక్కా విడిపోతుంటే నేనెక్కడున్నానో నాకే తెలిసేది కాదు.

వేసవి మధ్యాహ్నాలు వసారాలో కూర్చోవడం మొదలుపెట్టాం. మొదటి లెక్క ఇచ్చాను. ఆమె దాన్ని చాలాసేపు చూసి, ఆప్షన్లు లేవా అని అడిగింది.

అప్పుడు తెలిసింది. గుడివాడలో ఆమె చదివిన హాస్టలు కాలేజీలో సమాకలనం చెయ్యడమే నేర్పలేదట. ఇచ్చిన నాలుగు జవాబులనూ అవకలనం, అంటే డిఫరెన్షియేట్, చేసి, ఏది వెనక్కి ప్రశ్నను తెస్తే దానికి టిక్కు పెట్టమన్నారట. ఎంట్రన్సుకి అది చాలు. బోర్డు పేపర్లో నాలుగు జవాబులెవరిస్తారు? వంట నేర్పమని పిల్లను పంపితే గిన్నెల మూతలు తీసి వాసన చూడటం నేర్పి పంపారు. నాకు ఒళ్లు మండిపోయింది, ఇప్పటికీ చల్లారలేదు.

మొదటినుంచీ ఎత్తుకున్నాం. చిక్కుగా ఉన్న ముక్కకు ఒక్క అక్షరం పేరు పెట్టి లెక్కను తేలిక చేయడం ముందు. తర్వాత, లబ్ధాన్ని రెండుగా విడదీసి చేసే విభాగ సమాకలనం. ఈ పవర్ ఎక్స్ సైన్ ఎక్స్ దగ్గర ఆమె పెన్ను కింద పెట్టేసింది. రెండుసార్లు విడదీసేసరికి మొదటి లెక్కే మళ్లీ ఎదురైంది. తప్పు చేశాననుకుంది. తప్పు కాదమ్మా, మైనస్ గుర్తుతో తిరిగొచ్చింది, దాన్ని ఇవతలికి తెచ్చి రెండుతో భాగించమన్నాను. ఆమె పుట్టింటివాళ్లది హంసలదీవి పక్క ఊరు. పోటువేళ అక్కడ సముద్రం ఏట్లోకి ఎదురెక్కుతుంది; పోయే నీరేదో వచ్చే నీరేదో తెలియదు. ఆ మాటే చెప్పాను. నవ్వింది, కానీ భయం పోలేదు.

మర్నాడు సైన్ బదులు కాస్ పెట్టి ఇచ్చాను. వసారాలో కదిలే కొబ్బరాకుల నీడను కాసేపు చూసి, తిన్నగా జవాబు రాసేసింది.

"ఇదెక్కణ్ణుంచొచ్చింది?"

"ఈ పవర్ ఎక్స్ ఎటూ పోదు కదండీ. పక్కన సైనూ కాసూ ఉంటాయి. ఏది ఎంతో ఊహించుకుని, డిఫరెన్షియేట్ చేసి సరిపెట్టా."

"అది దొంగదారమ్మా."

"దొంగ సరుకైతే తూకంలో తేడా రావాలిగా. చూస్కోండి."

చూశాను. తేడా లేదు. కోపంగా లోపలికెళ్లి పడుకున్నాను. ఫ్యాను కింద మగతలో ఒక్కొక్కటే సమాకలన సూత్రాలన్నీ కళ్లముందు తేలాయి. అవన్నీ అవకలనాన్ని వెనకనుంచి చదివినవే కదా. ఆ కాలేజీ వాళ్లు సగం దారి చూపి వదిలేస్తే, మిగతా సగం ఈ పిల్ల ఒంటరిగా తొక్కుకుంది. ఆ సంగతి ఆమెతో అనలేదు. నీకు కనిపించింది పేపరు దిద్దేవాడికి కనిపించదు, మెట్లన్నీ రాయి అని మాత్రం చెప్పాను.

పరీక్ష గుడివాడలోనే. వెంట వెళ్లాను. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక పరీక్ష సంగతి చెప్పింది. ఆ రకం లెక్కే వచ్చిందంది. ఏ దారిలో రాశావని అడిగాను.

"ముందు జవాబు రఫ్‌లో చూసుకున్నానండి. తర్వాత మీ దారిలో అక్కడికి నడిచా. మళ్లీ మొదటికొచ్చినప్పుడు భయం వెయ్యలా. ఎక్కడికి వెళ్తున్నానో తెలుసుగా."

బయట కోతలైన పొలాలు, ఎండలో వెండిరేకుల్లా చేపల చెరువులు వెనక్కి జారుతున్నాయి.

ఫలితాలొచ్చిన రోజు ఆమె పెరట్లో చేపలు తోముతోంది. ఫోన్ నేనే చూసి, పాసయ్యావన్నాను. మళ్లీ చూడమంది. చూశాను.

"డిగ్రీలో లెక్కలే తీసుకుంటానండి" అంది, పొలుసు చేతులతోనే. "అక్కడ ఒకే లెక్కలో రెండుసార్లు సమాకలనం చెయ్యాలంట. మీకొచ్చా?"

"రాదు" అన్నాను. "పుస్తకం తెచ్చుకో."