మా చేని బూడిద దిబ్బ

అనంతపురంలో ఎం.ఏ. చరిత్ర చదివేటప్పుడు నా పక్కన కూర్చునే అమ్మాయంటే నాకు ఒళ్లుమంట. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మాట ఇది. ఆమె టౌను పిల్ల, ఇంగ్లీషు గడగడా చదివేది. సారు ఏ పుస్తకం పేరెత్తినా అది ముందే ఆమె సంచిలో ఉండేది. పైగా మంచి పిల్ల. తిట్టుకోవడానికి కూడా వీల్లేదు.

ఒకరోజు సారు తొలినాటి తవ్వకాల పాఠం చెప్పారు. ఈజిప్టులో రైతులు పాత ఊళ్ల చెత్తదిబ్బలు తవ్వి ఎరువుగా పొలాలకు తోలుకునేవాళ్లట. ఆ మట్టిలో పపైరస్ ముక్కలు బయటపడేవట. నీటిరెల్లుతో చేసిన కాగితాలు, వాటి మీద ఏనాటివో రాతలు. ఆ సంగతి తెలిసి దొరలు పలుగూ పారా పట్టుకుని పరుగెత్తారట.

"మనవైపు అట్లాంటి దిబ్బలున్నాయా సార్?" అని ఆమె అడిగింది.

ఆగలేకపోయాను. "మా చేన్లోనే ఉంది సార్!" అనేశాను.

బెళుగుప్ప దగ్గర మా చేని గట్టున పెద్ద బూడిద దిబ్బ ఉండేది. రాకాసుల బూడిద అనేవాళ్లు ఊళ్లో. కొత్త రాతియుగం మనుషులు పశువుల పేడ కాల్చిన దిబ్బ అయ్యుంటుందని సారు ఎగిరి గంతేశారు. వచ్చే వారం అందరం పోదాం, మొదటి ఆనవాలు పట్టినవాళ్లకే దాని మీద పరిశోధన అన్నారు. "నీ కళ్లు చురుకు, నువ్వు తప్పకుండా రావాలి" అని కూడా అన్నారు. నాతో కాదు, ఆమెతో!

దిబ్బ మాది, మెప్పు ఆమెకా? శనివారమే బస్సెక్కి ఇంటికి పోయాను.

"టౌన్నించి ఒక పిల్ల వస్తాది నాయనా. మన దిబ్బలో ఆ పిల్లకు ఒక్క కుండపెంకన్నా దొరకనీయొద్దు."

"అట్లనేలేమ్మా" అన్నాడు నాయన.

వారం తిరిగాక అందరం బస్సు దిగి చేనికి పోతే దిబ్బ లేదు. నేల చదును.

"దొరకనీయొద్దంటివి కదమ్మా! ట్రాక్టరు పెట్టి అంతా చేన్లోకి తోలేసినా. వానొస్తే సెనక్కాయ పంటకు బలం" అన్నాడు నాయన సంబరంగా.

సారు తల పట్టుకున్నారు. నాకు ఏడుపొచ్చింది. అయినా, ఆమెకూ లేదు కదా, హమ్మయ్య అనుకున్నాను.

ఆమె చెప్పులు విడిచి చాళ్లలోకి నడిచింది. కొత్తగా చల్లిన బూడిదలో వంగి ఒక పెంకు తీసింది. దాని అంచున, ఎన్నడో కుండ చేసిన మనిషి వేలిముద్ర. దిబ్బ అడుగున దాగిన దాన్ని మా నాయనే తవ్వి, తోలి, ఆమె కాళ్ల ముందు పరిచాడు.

పరిశోధన ఆమెకే పోయింది. అదైనా ఓర్చుకునేదాన్నే. నాయన ఆ పెంకును ఎండకు తిప్పి తిప్పి చూసి, ఆమె తల నిమిరి, నావైపు తిరిగాడు.

"పుట్టినప్పట్నించి ఈ దిబ్బ మీదనే ఎగిరితివి, నీకు ఒక్కనాడన్నా కనపడలేదేమ్మా?"