గేరు వేయని యలమందయ్య

యలమందయ్య తన కారుకు తాను గేరు వేయడు. స్టీరింగు తిప్పుతాడు, క్లచ్ తొక్కుతాడు, హారను కొడతాడు. గేరు మాత్రం పక్క సీటులో కూర్చున్నవాళ్లు వేయాలి.

అదేమీ మామూలు కారు కాదు. ఎర్రగా, నేలకు జానెడు ఎత్తున, ముక్కు కోసుగా ఉంటుంది. ఇంజను సీట్ల వెనకాల. నాలుగు సెకన్లలో వంద అందుకుంటుందట. ప్రత్తిపాడులో అంత రోడ్డు లేదు గనక నాలుగు సెకన్లలో స్పీడుబ్రేకరు అందుకుంటుంది. బ్రేకరుకు కడుపు రాసుకోకుండా చెక్కలు పరవాలి. అందుకని ఊళ్లో ముందు చెక్కలేసుకుని ట్రాక్టరు వెళ్తుంది, దాని వెనకాల బుద్ధిగా సూపర్‌కారు వెళ్తుంది.

మిర్చికి ధర కలిసొచ్చిన ఏడాది కొన్నాడు. హైదరాబాదులో కార్లమ్మేవాడు ముందే చెప్పాడు.

"ఇప్పుడొచ్చేవన్నీ గేర్లు వాటంతటవే వేసుకుంటాయి సార్. ఇది చేత్తో వెయ్యాలి."

"చేత్తో వేసేదే కావాలి" అన్నాడు యలమందయ్య.

తెచ్చిన రోజే క్రీస్తుదాసును ఎక్కించుకున్నాడు. మిషన్ బడిలో ఇద్దరిదీ ఒకే బెంచీ.

"వెయ్యరా."

"ఏంటి వేసేది?"

"గేరు. నాకు కాలూ చెయ్యీ ఒకేసారి ఆడవురా. క్లచ్ తొక్కితే చెయ్యి ఆగిపోద్ది."

"గేరు వెయ్యటం రానోడివి గేర్ల కారెందుకు కొన్నావురా?"

"రంగు నచ్చింది."

క్రీస్తుదాసు ఇరవై రెండేళ్లు లారీ తోలాడు. ఆరేళ్ల కిందట పిడుగురాళ్ల దగ్గర సున్నం లోడుతో లారీ తిరగబడి ఎడమ కాలు మోకాలి కింద పోయింది. పెట్టుడు కాలుతో నడుస్తాడు గానీ, ఆ కాలికి క్లచ్ తెలియదు. చర్చివాళ్లు మూడు చక్రాల స్కూటరు ఇస్తే, "దీనికి గేర్లు లేవుగదయ్యా" అని తిప్పి పంపాడు. బస్సులో ఎవరైనా లేచి సీటిస్తే గుంటూరు దాకా నిలబడే వెళ్తాడు. కారు సంగతి వేరు. అక్కడ తను ఎక్కకపోతే బండి కదలదు. కాబట్టి మూడేళ్లుగా ఎక్కుతున్నాడు, తిడుతూ వేస్తున్నాడు.

"గేరు దించేముందు యాక్సిలరేటరు తొక్కి కాస్త రేజ్ చెయ్యరా! ఎన్నిసార్లు చెప్పాలి? గేరు పళ్లు నూరుతున్నావు!"

"చేస్తున్నాగదరా!"

క్రీస్తుదాసు లేనప్పుడు ఎవరు దొరికితే వాళ్లే. మిరపకోత ముఠా మేస్త్రి పుల్లమ్మను కంటి ఆసుపత్రికి తీసుకెళ్తూ, "వెయ్యత్తా!" అన్నాడు.

"ఎటు వెయ్యాలబ్బాయ్?"

"పైకి!"

పుల్లమ్మ రెండు చేతులా రాడ్డు పట్టుకుని మిరపచెట్టు పెరికినట్టు పైకి లాగింది. రాలేదు. "వేరు గట్టిగా ఉంది" అంది.

పాస్టరు ఫిలిప్ గారు ప్రతి గేరుకూ ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసేవారు. ఆమెన్ అనేసరికి బండి ఆగిపోయేది.

"కళ్లు తెరిచి ప్రార్థించండి అయ్యగారూ!"

"తెరిస్తే భయంగా ఉందయ్యా!"

ఆ గేర్ల చప్పుడు వింటే టీ బడ్డీ దగ్గరున్న క్రీస్తుదాసుకు పళ్లు జివ్వుమనేవి. "నేనుండగా పుల్లమ్మ చేత వేయిస్తావేంట్రా?" అని రోడ్డు మీదే అరిచేవాడు.

కిందటి నెల అతనికి జ్వరం వచ్చింది. పెదకాకానిలో కూతురు హెలెన్ ఇంట్లో పడుకున్నాడు. ఇల్లు హైవే పక్కనే. మూడో రోజు పొద్దున యలమందయ్యకు ఫోన్ చేశాడు.

"కారు తీశావా?"

"వేసేవాడేడీ? షెడ్డులో పడుంది. నేనే వస్తన్నాలే, బస్సులో."

గంట తర్వాత క్రీస్తుదాసు వరండాలో కూర్చుని ఉండగా హైవే మీద బాగా తెలిసిన ఇంజను ఒకటి వినిపించింది. తల తిప్పకుండానే విన్నాడు. ఐదు నుంచి నాలుగు. నాలుగు నుంచి మూడు. దించేముందు ప్రతిసారీ చిన్న రేజు, తను రోజూ గొంతు చించుకుని చెప్పినట్టే. ఎక్కడా పళ్లు రాసుకోలేదు. సర్వీసు రోడ్డులో ఆగి ఉన్న సిమెంటు లారీ వెనకాల శబ్దం ఆగింది. బత్తాయిల సంచీతో లారీ వెనక నుంచి వచ్చింది యలమందయ్య ఒక్కడే.

క్రీస్తుదాసుకు ఒళ్లు మండింది. ఇది జాలి అయితే ఇక ఆ సీటులో కూర్చోకూడదు. కూర్చోకపోతే ఈ జన్మకు గేరు రాడ్డు మళ్లీ చేతికి రాదు. సంచీ పట్టుకుని నడిచొస్తున్నవాణ్ణి చూస్తూ ఆలోచించాడు. తన ఒక్కడి చేతే వేయిస్తే తనెప్పుడో కనిపెట్టేవాడు. అందుకని వాడు పుల్లమ్మ చేతా వేయించాడు, అయ్యగారి చేతా వేయించాడు. బంగారంలాంటి గేరుబాక్సును మూడేళ్లు ఊరంతటి చేతా నూరించుకున్నాడు. జాలిపడేవాడు ఇంత నష్టానికి ఒప్పుకోడు. పిచ్చివాడయినా కావాలి, స్నేహితుడయినా కావాలి.

వస్తున్న నవ్వును దగ్గుగా మార్చుకున్నాడు.

"ఎట్లా వచ్చావురా?"

"బస్సులో. నిలబడే వచ్చా" అని యలమందయ్య పట్టని చెమట తుడుచుకున్నాడు.

హెలెన్ వీధిలోంచి వచ్చింది. "బాబాయ్, అక్కడ మీ..."

"టీ పెట్టమ్మా" అన్నాడు క్రీస్తుదాసు, కూతురి వంక చూసి.

టీ తాగి గ్లాసు కింద పెట్టి లేచాడు. "జ్వరం పోయింది. ఇంటికి పోదాం పద. బస్సులో."

"బస్సా? నీరసంగా ఉన్నావు, రేపు..."

"నువ్వు నిలబడి రాలా? నేనూ నిలబడతా."

రోడ్డు మీదికి వచ్చారు. బస్సు కూడా వచ్చి ఆగింది. యలమందయ్య బస్సు వంక చూశాడు, లారీ వంక చూశాడు, బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టాడు, తీశాడు.

"ఎక్కుతారా లేదా?" అన్నాడు కండక్టరు.

"పోనియ్యండి" అన్నాడు క్రీస్తుదాసు. బస్సు కదిలాక లారీ వైపు చెయ్యి చూపించాడు. "ఒరేయ్, అక్కడెవరిదో ఎర్ర కారు ఆగిపోయినట్టుంది. తోలేవాడికి గేరు వెయ్యటం రాదేమో, పాపం. పద, కాస్త సాయం చేసొద్దాం."

యలమందయ్య చెవులు ఎర్రబడ్డాయి. జేబులోంచి తాళం తీసి, ఎవరిదో కారు తీస్తున్నట్టే మెల్లగా తలుపు తీశాడు.

క్రీస్తుదాసు ఎక్కి కూర్చుని పెట్టుడు కాలు సర్దుకున్నాడు. రాడ్డు మీద చెయ్యి వేశాడు.

"తొక్కరా" అన్నాడు.